అడుగున్నర కిటికీ

కర్టెన్ల మేస్త్రి జీవితంలో చెడిపోయిన పనులన్నీ ఒక కాగితం మీద రాస్తే, ప్రతి వరుస చివరా బావమరిదే ఉంటాడు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది వాడొక్కడే కాబట్టి వీధి వీధంతా వాణ్ని డిగ్రీ అనే పిలుస్తుంది. ఆ డిగ్రీతో వాడికి ఇంతవరకు ఉద్యోగం రాలేదు గానీ, మేస్త్రికి రావలసిన కష్టాలు మాత్రం ఒక్కటీ తప్పకుండా వచ్చాయి. మేస్త్రి ఐదో తరగతిలో బడి మానేసి కత్తెర పట్టినవాడు. ఇంటికి ఏ కాగితం వచ్చినా చదవడానికి బావమరిది చేతికే వెళ్లేది. కొంప మునిగింది అక్కడే.

ఆ రోజు పొద్దున అనుకున్న పని చాలా చిన్నది. పదకొండు గంటలకు లైసెన్సు ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. కుట్టుగది చూస్తుంది. నాలుగు మిషన్లకు లైసెన్సు రాసిస్తుంది. సాయంత్రం ఐదులోగా ఆ కాగితం కొత్త ఆసుపత్రి మేనేజరుకు చూపిస్తే నూట ఇరవై కిటికీల కర్టెన్లు మేస్త్రివి. నాలుగు మిషన్లకు లైసెన్సు లేనివాడికి పని ఇచ్చేది లేదని ఆసుపత్రివాళ్లు ముందే చెప్పేశారు. మేస్త్రి, భార్య, ఇద్దరు పనివాళ్లు కలిసి నలుగురు. నాలుగో మిషను కొని, ప్లాస్టిక్ కవరైనా విప్పకుండా మూల పెట్టి ఉంచాడు. పాతికేళ్లుగా వాళ్ల ఇంటికో తెర, వీళ్ల ఇంటికో తెర కుట్టుకుంటూ వచ్చినవాడికి ఇంత పెద్ద పని దొరకడం ఇదే మొదలు. జారిపోతే ఇదే చివరిది కూడా.

దరఖాస్తు కాగితం పది రోజుల క్రితమే వచ్చింది. డిగ్రీ దాన్ని వెలుతురుకు పట్టుకుని చదివి, పెదవి విరిచాడు.

"బావా, గదికి గాలీ వెలుతురూ వచ్చే మార్గం ఉండాలంట. అంటే కిటికీ. నీ గదికి కిటికీ ఏది?"

నిజమే. కుట్టుగదికి ముందు వీధి తలుపు, దాని మీద చిన్న వెంటిలేటరు తప్ప ఇంకేమీ లేదు. వెనక గోడ అవతల సైకిల్ షాపు.

"గోడకి కన్నం పెడితే సైకిల్ షాపువాడు ఊరుకుంటాడేంట్రా?"

"కన్నం ఎవడు పెట్టమన్నాడు? నువ్వు కర్టెన్ల మేస్త్రివి. కర్టెన్ కట్టు. కర్టెన్ వేలాడుతుంటే వెనక కిటికీ ఉన్నట్టే లెక్క. నీ సర్వీసులో ఎవరైనా తెర ఎత్తి, లోపల కిటికీ ఉందా లేదా అని చూశారా?"

మేస్త్రి ఆలోచించాడు. పాతికేళ్లలో ఒక్కరూ చూడలేదు.

"లోకమంతా పైమెరుగుల మీదే నడుస్తోంది బావా. నువ్వొక్కడివే లోపలి లైనింగు కూడా మంచిది వేస్తూ కూర్చున్నావు," అన్నాడు డిగ్రీ.

అలా ఒక తెరతో మొదలైంది. ముదురు ఎరుపు గుడ్డ, రెండు మడతల కుచ్చు, లోపల పల్చటి తెల్ల తెర. కట్టి చూస్తే గోడకు బట్టలు తొడిగినట్టుంది. వెనక నుంచి వెలుతురు రాకపోతే కిటికీ అని ఎవరు నమ్ముతారన్నాడు డిగ్రీ. పాత సామాన్ల దుకాణం నుంచి పాలగాజు తలుపుల కిటికీ చట్రం ఒకటి వచ్చింది. దాని వెనక ట్యూబులైటు పెట్టాలంటే చోటు కావాలి కాబట్టి, గోడకు ముందు ప్లైవుడ్ తో ఇంకో గోడ లేచింది. వెలుతురు వచ్చాక, గాలి కూడా రావాలి కదా అన్నాడు. చట్రం కింది సందులోంచి విసిరేలా టేబుల్ ఫ్యాను వచ్చింది. మరి ఫ్యాను తిప్పేదెవరు, లైటు చూసుకునేదెవరు?

"నేను లోపల నిలబడతాను," అన్నాడు డిగ్రీ, ప్రాణత్యాగానికి సిద్ధపడుతున్నవాడిలా.

రెండు గోడల మధ్య ఆరంగుళాలు చాలనుకున్నాడు మేస్త్రి. డిగ్రీ పొట్ట ఒప్పుకోలేదు. తొమ్మిది అంగుళాల దగ్గర ఊపిరి ఆడలేదు. అడుగు దగ్గర ఊపిరి ఆడింది గానీ మనిషి పక్కకు తిరగలేదు. చివరికి అడుగున్నర దగ్గర కుదిరింది. గోడకు రంగు వేసి, పక్కన మనిషి దూరేంత పలక ఒకటి తీసి పెట్టేలా వదిలారు. భార్య చూసి, "ఏవండీ, గది చిన్నబోయినట్టు లేదూ?" అంది.

"నీకన్నీ అనుమానాలే అక్కా," అన్నాడు డిగ్రీ. ఊళ్లోవాళ్ల కిటికీలన్నీ అంగుళాలతో సహా చెప్పగలిగిన మేస్త్రి, తన గదిని మాత్రం ఏనాడూ కొలిచి చూసుకోలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ పదకొండుకు ఐదు నిమిషాల ముందే వచ్చింది. సన్నగా, కళ్లద్దాలతో, చంకలో ఫైలుతో. డిగ్రీ అప్పుడే గోడలోకి దూరుతున్నాడు. భార్య వాడి మడమను లోపలికి నెట్టి పలక మూసింది.

"కూర్చోండి మేడమ్."

"కూర్చోవడానికి రాలేదండీ," అంటూ ఆవిడ గదంతా కలయజూసింది. చూపు తెర మీద ఆగింది. పాలగాజు వెనక పట్టపగలు వెలుగుతోంది. తెల్లతెర ఒద్దికగా ఊగుతోంది.

"బాగుందే కిటికీ. ఎటు వైపు తెరుచుకుంటుంది?"

"అటు వైపు మేడమ్," అన్నాడు మేస్త్రి. అంతకంటే నిజం అతని దగ్గర లేదు.

ఆవిడ ఏదో రాసుకుంది. మిషన్లు లెక్కపెట్టింది. వైర్లు చూసింది. మేస్త్రి ప్రతి అడుగుకూ ఆవిడకూ కిటికీకీ మధ్య వచ్చి నిలబడుతున్నాడు. ఇంకో పది నిమిషాలు గడిస్తే గండం గట్టెక్కినట్టే.

అప్పుడు కరెంటు పోయింది.

పాలగాజు వెనక పొద్దు ఒక్కసారిగా కుంకింది. గాలి చచ్చిపోయి తెర బిగుసుకుంది.

"అదేంటి? చీకటి పడిందేంటి?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"మబ్బు పట్టింది మేడమ్."

ఆవిడ మెల్లగా వీధి తలుపు వైపు తిరిగింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

"ఇటు ఎండా, అటు మబ్బా?"

"అటు వైపు ఎప్పుడూ అంతే మేడమ్," అన్నాడు మేస్త్రి. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందంటే అతనికే నమ్మకం కలగలేదు.

ఇద్దరు పనివాళ్లు తలలు వంచుకుని, దారం లేని సూదులతో కుడుతున్నారు. ఫ్యాను ఆగాక గోడ లోపల ఉక్క పెరిగింది. కొత్త రంగు వాసన, ప్లైవుడ్ పొట్టు. డిగ్రీ ముక్కు మూసుకున్నాడు, నోరు మూసుకున్నాడు, చివరికి ఏదీ ఆగక గోడ అదిరేలా తుమ్మాడు.

"ఎవరది?"

"పావురం మేడమ్."

"పావురం తుమ్ముతుందా?"

"ఈ మధ్య వాతావరణం బాగాలేదు కదండీ," అని అందుకుంది భార్య.

లోపలున్నవాడు ఊరుకుంటే సరిపోయేది. డిగ్రీ చదివినవాడు ఊరుకోడు. బావ మాట నిలబెట్టాలనుకుని, "గుటుర్... గుటుర్..." అన్నాడు. పావురం అంటే పావురం కాదు గానీ, కడుపునొప్పి వచ్చిన పావురం అనుకోవచ్చు. మేస్త్రి పళ్లు నూరాడు.

"పాపం, దేంట్లోనో ఇరుక్కున్నట్టుంది. చూద్దాం ఉండండి," అంటూ ఇన్‌స్పెక్టరమ్మ రెండంగల్లో కిటికీ దగ్గరికి వెళ్లి తెర అంచు పట్టుకుంది. మేస్త్రి ఆ చేతినే చూస్తున్నాడు. నూట ఇరవై కిటికీలు ఆ వేళ్ల మధ్య వేలాడుతున్నాయి.

"తియ్యకండి!" అని అరిచింది భార్య. "గుడ్లు పెట్టిందండీ. రెండు. ఇప్పుడు అలికిడైతే గూడు వదిలేసి పోతుంది."

చెయ్యి ఆగింది. ఇన్‌స్పెక్టరమ్మ మొహం మెత్తబడింది.

"అయ్యో, అలాగా! ముందే చెప్పొచ్చు కదండీ," అని తెరను జాగ్రత్తగా సర్ది, రెండడుగులు వెనక్కి వేసింది. అంతలో కరెంటు వచ్చింది. అటు వైపు తెల్లారింది.

"సరే, ఇంక కొలత ఒక్కటే మిగిలింది," అంటూ ఆవిడ సంచిలోంచి టేపు తీసింది.

కొలత అనగానే మేస్త్రికి ప్రాణం లేచి వచ్చింది. తనకు తెలిసిన విద్య అది. తానే టేపు చివర పట్టుకున్నాడు. వెడల్పు పది అడుగులు. పొడవు, వీధి తలుపు నుంచి కిటికీ గోడ దాకా, పదిన్నర.

"నూట ఐదు చదరపు అడుగులు. మిషనుకు ముప్పై చొప్పున కావాలి. మూడు మిషన్లకు వస్తుంది," అని ఆవిడ కలం తీసింది.

"మూడేంటి మేడమ్? గది పన్నెండడుగులండీ! కట్టినప్పట్నుంచీ పన్నెండే!"

"టేపు చెబుతోంది కదండీ."

మేస్త్రి తన మెడలో టేపు లాగి మళ్లీ కొలిచాడు. పదిన్నర. పాతికేళ్లలో మొదటిసారి అతనికి తన టేపు మీద కోపం వచ్చింది.

"ఇదంతా ఎక్కడ రాశారు మేడమ్?"

"కాగితం వెనక వైపు. అటు తిప్పి చూడలేదా?"

డిగ్రీ ముందు వైపే చదివాడు. మేస్త్రి ఎర్ర తెర వైపు చూశాడు.

"మరి... కిటికీ ఉండాలి కదా మేడమ్?"

"కిటికీ ఎవరడిగారండీ? తలుపుంది, పైన వెంటిలేటరుంది. అవి చాలు. కిటికీ కూడా ఉందంటే మంచిదే."

పన్నెండడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, నూట ఇరవై. నాలుగు మిషన్లకు సరిగ్గా సరిపోయే గది. అంగుళం ఎక్కువ లేదు, అంగుళం తక్కువ లేదు. దేవుడు కొలిచి కుట్టినట్టున్న గదిని తన చేత్తో తానే చిన్నది చేసుకున్నాడు. అర్జెంటుగా ఆ ప్లైవుడ్ ను కాలితో తన్నాలనిపించింది.

"మేడమ్, ఈ గోడ ఇప్పుడే తీసేస్తే? అరగంట పని."

"ఎలా తీస్తారండీ? గుడ్లు పెట్టిందన్నారుగా."

"గుటుర్..." అంది గోడ, బావకు సాయంగా.

మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. ఇంక దాచి లాభం లేదు. "నిజం చెబుతాను మేడమ్. అసలది..."

"చెప్పకండి," అంది ఇన్‌స్పెక్టరమ్మ నెమ్మదిగా, ఫైల్లోంచి తలెత్తకుండానే. "మా కళ్లు గప్పడానికి దొంగ ఏర్పాటు చేశారని ఎవరైనా నాతో అంటే, నేను రాసుకోవాలి. రాసుకుంటే షాపుకు తాళం పడుతుంది. మీది అలాంటి షాపు కాదని నాకు తెలుసు. మీ దగ్గర పావురాలు కూడా ఉన్నాయి."

ఆవిడ మూడు మిషన్లు అని అంకెల్లో రాసి, పక్కన అక్షరాల్లో కూడా రాసి, సంతకం పెట్టి కాగితం చేతికిచ్చింది. గుమ్మం దాటబోతూ ఆగింది.

"పిల్లలు ఎగిరిపోయాక కబురు పెట్టండి. మూడు నెలల తర్వాత మళ్లీ ఈ వీధికి వస్తాను, అప్పుడు కొలుద్దాం. ఈలోపు ఆ పావురానికి కాసిని మంచినీళ్లివ్వండి. లోపల ఉక్కగా ఉన్నట్టుంది."

సాయంత్రం ఐదుకు ముందే ఆసుపత్రి మేనేజరు ఫోను చేశాడు. మూడు అనే మాట విని, "చూద్దాం లెండి," అని పెట్టేశాడు. ఐదుంబావుకు ఆ పని ఇంకో మేస్త్రికి వెళ్లిపోయిందని తెలిసింది. వాడి షాపులో లోపలి లైనింగు వేసే అలవాటే లేదు.

అంతకుముందు, ఇన్‌స్పెక్టరమ్మ వెళ్లిపోగానే పలక తీసేసరికి డిగ్రీ చెమటతో ముద్దయి, జుట్టు నిండా చెక్కపొట్టుతో బయటికి వచ్చాడు. అక్క ఇచ్చిన చెంబెడు నీళ్లు గటగటా తాగి, మూతి తుడుచుకుని, ఆశగా బావ మొహంలోకి చూశాడు.

"బావా, ఎవరైనా కనిపెట్టారా?"

మేస్త్రి నాలుగో మిషను మీద కవరు ఒకసారి సవరించి, టేపు మెడలోంచి తీసి వంకీకి తగిలించాడు. ఆ రోజు అతను పోగొట్టుకున్నది పది అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, మొత్తం పదిహేను చదరపు అడుగుల నేల, సరిగ్గా బావమరిది పట్టేంత.