ఫోను పూడ్చిన గాడి

అరవై దాటాక కుంచె పట్టేవాళ్లని లోకం క్షమించినా ఫోను క్షమించదు. క్షమించకూడదు కూడా! బొమ్మకి ఎదురుగా పెట్టి ఒక్క నొక్కు నొక్కితే చాలు, తప్పులన్నీ అదే దిద్దిపెడుతుంది. ఇంతటి ఉపకారిని ఆడిపోసుకునేవాళ్ల నోళ్లు మూయించడానికే ఈ నాలుగు ముక్కలు.

మా వీధి పోస్టాఫీసు పిన్ని సంగతే వినండి. బళ్లో ఉన్నప్పుడు బొమ్మలు బాగా వేసేది. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. కుంచె అటకెక్కింది. ముప్పై నాలుగేళ్లు కవర్ల మీద ముద్రలు కొట్టి, రిటైరైన మర్నాడే వెళ్లి రంగుల పెట్టె కొనుక్కొచ్చింది.

కానీ చేతికి ముద్ర కొట్టడం ఒక్కటే గుర్తుంది! కుంచెను కాగితం మీద టప్పున గుద్దేది. మొదటి నెల వేసిన చెట్లన్నిటికీ తేదీ ఒక్కటే తక్కువ.

అప్పుడు ఆదుకున్నదెవరు? కొడుకు ఫోను! పిన్ని కాకిని వేస్తే అది నెమలిని చేసింది. కారుతున్న వంటింటి కుళాయిని వేస్తే కారడం ఆపేసింది. ప్లంబరు మూడు వారాలుగా "ఇదిగో బయల్దేరా" అంటూనే ఉన్నాడు, ఫోను రెండు సెకన్లలో పని ముగించింది! మొగుడి బొమ్మ వేస్తే బట్టతల మీద ఒత్తుగా జుట్టు మొలిపించింది. ఆయన ఆనాటి నుంచీ జేబులో దువ్వెన పెట్టుకుని తిరుగుతున్నాడు. ఏ డాక్టరు చేశాడండీ ఈ పని?

కుటుంబం గ్రూపులో చప్పట్లే చప్పట్లు. "వదినా, నీ చేతిలో ఇంత కళ ఉందా!" అని ఆడపడుచు. కళ ఉన్నది చేతిలో కాదు, చార్జింగులో.

ఆ తర్వాత పిన్ని, చనిపోయిన వాళ్లమ్మ బొమ్మ మొదలుపెట్టింది.

ఆవిడ నలుగురి బట్టలూ కుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. దారం కొరికి కొరికి ముందుపంటికి గాడి పడింది. అది కనపడుతుందని ఫొటో అనగానే మూతి బిగించేసేది. అందుకే ఆవిడ నవ్వు ఏ ఫొటోలోనూ లేదు. పిన్ని బుర్రలో ఉంది, అంతే. ఆ బుర్ర ఈ మధ్య తాళాలెక్కడ పెట్టిందో మర్చిపోతోంది. నవ్వు కూడా జారిపోకముందే కాగితం మీద పెట్టెయ్యాలని పిన్ని పంతం.

పదకొండు కాగితాలు చింపింది. పన్నెండోదాంట్లో అమ్మ నవ్వింది. ఒక చెవి పైకి పోయింది, గడ్డం పక్కకి వెళ్లింది. కానీ పంటి మీద గాడి చూస్తే, అచ్చం అమ్మే.

కొడుకు ఊరుకుంటాడా? పిన్ని పుట్టినరోజుకని ఫోను దిద్దిన బొమ్మను ప్రింటు తీయించాడు. కొలత కోసమని అసలు కాగితం కూడా ఫ్రేములాయన చేతిలో పెట్టాడు. ఫ్రేము తెచ్చి హాల్లో తగిలించాడు. చెవులు సమానం. చెంపలు నునుపు. పళ్లు ముత్యాలు!

"గాడి ఏదిరా?" అంది పిన్ని.

"ఏం గాడమ్మా?"

"మీ అమ్మమ్మ పంటి మీద గాడి."

"అదా! ఫోనే పూడ్చేసిందమ్మా. ఎంత నీటుగా చేసిందో చూడు!"

"ఆ గాడిలోంచే రా మాకు అన్నం వచ్చింది. నేను వేసిన కాగితం ఏది?"

కొడుకు తల గోక్కుంటూ ఫ్రేములాయనకి ఫోను చేశాడు.

"ఆ పాత కాగితమా సార్? ప్రింటు వదులుగా ఉంటే వెనకాల దన్నుగా పెట్టేశా. మంచి మందం!"

ఆయన్ని అనకండి. చేత్తో వేసినదాని జాగా వెనకాలేనని ఊరూవాడా ఒప్పుకున్నాక ఆయనొక్కడూ ముందు పెడతాడా?

పిన్ని స్టూలెక్కి ఫ్రేము దించింది. వెనక అట్ట ఊడబీకింది. అమ్మ అక్కడే ఉంది, గాడితో సహా నవ్వుతూ. ఆ కాగితాన్ని అక్కడే ఉంచి, సన్నమేకులు నాలుగు కొట్టింది. టప్, టప్, టప్, టప్. ముప్పై నాలుగేళ్ల చెయ్యి, ఒక్క మేకూ వంకరపోలేదు. ఫ్రేమును వెనక్కి తిప్పి అదే చోట తగిలించింది.

కాబట్టి ఫోనును తిట్టకండి. అది తయారుచేసిన ముత్యాల పళ్ల అమ్మ ఇప్పుడు గోడకేసి నవ్వుతోంది. గోడకి తెగ నచ్చేసింది.

నచ్చదూ మరి! దానికి అమ్మ లేదు కదా!