సోమవారం పుట్టవలసిన బిడ్డ

"ఇకమీదట మన కొండల్లో ఏ పసికందూ చలికి వణకదు" అని ప్రభుత్వం ప్రకటించింది. ఆ మాటను ఫ్లెక్సీ మీదికెక్కించి, కాఫీ తోటల మధ్యనున్న ఓ చిన్న ఆస్పత్రి గేటుకి కట్టించే మహత్కార్యం ప్రోగ్రాం ఆఫీసరు వరహాలరావుగారి మీద పడింది. పుట్టిన బిడ్డల్ని వెచ్చగా ఉంచే మిషన్ కూడా దిగింది. సోమవారం మంత్రిగారొచ్చి రిబ్బన్ కట్ చేసేదాకా దాని ప్లాస్టిక్ కవర్ తీయకూడదన్నారాయన. ఇంట్లో సోఫా కొని ఆరేళ్లయినా కవర్ తీయనివ్వని మనిషి. వస్తువు విలువ తెలిసినవాడు.

బుధవారం ఆ ఆస్పత్రిలోనే, గూడెం నుంచొచ్చిన కనకకి కాన్పయింది. మగబిడ్డ. కేజీ నాలుగొందలు.

"మిషన్లో ఎడదాం సార్, సల్లబడిపోతన్నాడు" అంది నర్సు రాజకుమారి.

"ప్రెస్‌నోట్ వెళ్లిపోయిందమ్మా. 'ప్రారంభించిన రోజే పుట్టిన తొలి బిడ్డ' అని!"

"ఈడు ఇయ్యాలే పుట్టీసినాడు కద సార్?"

వరహాలరావుగారు ఆలోచించారు. కనక తల్లి యర్రమ్మ మనవణ్ణి గుండెలకి హత్తుకుని, పైన చీర చుట్టుకుని కూర్చుంది.

"పేరేం పెడతారమ్మా?"

"బుధారం పుట్టినోడు బుధు కాక ఇంకేటి బాబూ?"

"మరి సోమవారం పుడితే?"

"సోంబరు."

"కంప్యూటర్లో సోంబరు అనే ఎక్కించు రాజకుమారీ. డేట్ ఆఫ్ బర్త్, సోమవారం. లోకల్ కల్చర్‌ని గౌరవిస్తే పనులెంత సులువో చూశావా!"

యర్రమ్మకి అర్థం కాలేదు. "మరిప్పుడు ఏడుత్తన్నాడే, ఈడెవుడు బాబూ?"

"ప్రస్తుతానికి ఎవడూ కాదు."

శుక్రవారానికి ఏడుపు సన్నగిల్లింది.

"పోనీ పెద్దాస్పత్రికి రాసీండి సార్, బేగి తీసుకుపోతారు."

"పుట్టని బిడ్డని రిఫర్ చేస్తే కంప్యూటర్ తీసుకోదమ్మా" అన్నారాయన జాలిగా. నిజంగానే జాలిపడ్డారు. శనివారం గదంతా బెలూన్లు కట్టించి, మంత్రిగారు చలికి ఇబ్బంది పడకుండా స్టేజీ మీద రెండు హీటర్లు పెట్టించారు.

ఆదివారం పొద్దున్న ఆయన టిఫిన్ చేస్తుంటే రాజకుమారి వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"బాబు పోనాడు సార్. ముసిల్ది ఇంకా గుండెలకి అంటించుకునే కూకుంది. ఇమ్మంటే ఇవ్వదు."

వరహాలరావుగారి చేతిలో ఇడ్లీ చట్నీలో పడింది. మంత్రిగారి రాకకి ఒక్క రోజు ముందు మరణం! ఎంక్వైరీ, మెమో, ట్రాన్స్‌ఫర్... ఎంగిలి చేత్తోనే కంప్యూటర్ తెరిచి చూశారు. మెల్లగా ముఖం తేటపడింది.

"కంగారుపడకు. ఆ బిడ్డ ఇంకా పుట్టలేదు" అని చేయి కడుక్కున్నారు. "చుట్టుపక్కల నెలలు నిండినవాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కో. పేరు ఎక్కించేశాం, వేస్టు కాకూడదు."