తేమ మిషన్‌లో చుక్క

దశాంశ బిందువు ఎక్కడ ఉండాలన్నది ప్రజలకు అతి దగ్గరగా ఉండే అధికారి తేల్చాల్సిన విషయమని 2011లో తేమ కొలతల సమన్వయ సంఘం సూర్యాపేటలో ఏకగ్రీవంగా తీర్మానించింది. (భోజనాల తర్వాత.)

అప్పటిదాకా ఆ చుక్క మంచిచెడ్డలు కోదాడ ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ శ్రీనాథ్ ఒక్కడే చూసుకునేవాడు. వడ్ల కొనుగోలు కేంద్రాల తేమ మిషన్లలో అంకెల లెక్క చూసే ప్రోగ్రాం రాసింది అతనే. చుక్క తర్వాత ఒకే అంకె. అది ప్రోగ్రాం కంపైల్ అయ్యేటప్పుడే, అంటే మిషన్‌లోకి ఎక్కకముందే, ఖాయమైపోతుంది. సంఖ్యకు చోటు చాలని పని చేయబోతే ప్రోగ్రాం అసలు తయారే కాదు, తప్పు కాలేజీ గేటు దాటదు. సంఘానికి ఇది నియంతృత్వంలా కనిపించింది. మిషన్ నడుస్తుండగానే, ఎక్కడికక్కడ, అధికారి బటన్ నొక్కి చుక్కను జరుపుకునేలా మార్చమన్నారు. అట్లయితే సంఖ్య మిషన్‌లో పట్టిందో లేదో ప్రతి కొలతకూ తనిఖీ ఉండాలని శ్రీనాథ్ మొత్తుకున్నాడు. తనిఖీకి అర సెకను పడుతుంది కనుక రైతుల సౌకర్యార్థం దాన్ని తీసేశారు. (రైతులు అప్పటికి ఆరు రోజులుగా వరుసలో ఉన్నారు.)

మిర్యాలగూడలో రెండంకెలు పెట్టుకున్నారు. కోదాడ కేంద్రం అధికారి సతీష్ తానేం తక్కువ తినలేదని రెండు పెట్టాడు. సరిగ్గా ఆ రోజే శ్రీనాథ్ మేనత్త ఆండాలు మునగాల నుంచి ట్రాక్టర్‌లో వడ్లు తెచ్చింది. ఆమె యాసంగి మొత్తం ఆ ఒక్క కుప్పే. తేమ పదిహేడు దాకా ఉంటే కొంటారు. మిషన్ 17.04 చూపింది. పాత పద్ధతిలో అది 17.0, కాటా అయిపోయేది. సతీష్ ఇంకో పూట ఎండబోయమన్నాడు.

“చుక్క ఎనక గా నాలుగు ఏడికెళ్లి వచ్చింది అల్లుడా? మొన్న లేకుండె గదా,” అని శ్రీనాథ్‌కు ఫోన్ చేసి అడిగింది ఆండాలు. శ్రీనాథ్‌కు సిగ్గేసింది. ఆ బటన్ రాసింది తనే.

సాయంత్రానికే వాన పట్టుకుంది. రెండు రోజులు వదల్లేదు. పరదా చాలలేదు, కుప్ప అడుగున మొలకలొచ్చాయి.

మూడో రోజు శ్రీనాథ్ అత్తను వెంటబెట్టుకుని కేంద్రానికి పోయాడు. ఈలోగా మిర్యాలగూడ మూడంకెలకు ఎదిగిందని విని సతీష్ కూడా ఎదిగాడు. మూడంకెలు పెడితే ఆ మిషన్‌లో 32.767 దాకానే పడుతుంది. అది దాటిన సంఖ్య గిర్రున తిరిగి మైనస్‌లో తేలుతుంది. ఆండాలు వడ్లలో ముప్పై మూడు శాతం తేమ ఉంది. మిషన్ మైనస్ 32.536 చూపింది.

ఏం జరిగిందో శ్రీనాథ్‌కు వెంటనే అర్థమైంది. పదిహేడు కన్నా తక్కువే కదా, తను వద్దన్న తప్పే అత్తను గట్టెక్కిస్తుందనుకుని, ఉద్యోగంలో చేరాక మొదటిసారి నోరు మూసుకుని నిలబడ్డాడు.

సతీష్ నిబంధనల పుస్తకం తెరిచి రెండుసార్లు చదివాడు. అందులో సున్నా నుంచి పదిహేడు దాకా అని ఉంది. అతను కళ్లద్దాలు తీసి, మొలకలు అంటిన ఆండాలు చేతుల వైపు సానుభూతితో చూశాడు.

“వడ్లు మరీ ఎండవెట్టిన్రమ్మా,” అన్నాడు. “జర తడిపి తీస్కరాండ్రి.”