విజయదుర్గా కాలనీలో విదేశాంగ విధానం

దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్బీ నగర్ చౌరస్తా వరకు నివసించు యావన్మంది పౌరులకు తెలియజేయడమైనది ఏమనగా, ప్రతి ఆదివారం ఉదయం టిఫిన్ల వేళకు విజయదుర్గా కాలనీ కమ్యూనిటీ హాలులో దేశ పరిస్థితి చక్కబడుతుంది. చక్కబెట్టేవారు జోగారావు గారు. ముందు ఇడ్లీ, వడ. ఆ తర్వాత దేశం. సాంబారు అయిపోయిన ఆదివారాల్లో దేశం కొంచెం ముందుగానే చక్కబడిన సందర్భాలూ ఉన్నాయి.

జోగారావు గారు భీమవరం వైపు నుంచి వచ్చి కొత్తపేటలో టైల్స్ దుకాణం పెట్టి, కాలనీ సంఘానికి అధ్యక్షుడై, అక్కడి నుంచి పార్టీలో డివిజన్ ఇన్‌ఛార్జి దాకా ఎదిగిన మనిషి. మిగిలింది ఒక్కటే మెట్టు, కార్పొరేటర్ టికెట్టు. పోయినసారి అది చేతిదాకా వచ్చి, నోటిదాకా రాకుండా ఇంకొకరి కంచంలో పడింది. ఈసారీ రాకపోతే ఇక టైల్స్ అమ్ముకోవడమేనని ఆయనకు తెలుసు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా అంతర్జాతీయ వ్యవహారాలు మరింత లోతుగా చదివేవారు.

ఆయన ప్రసంగానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ముందు వరసలో కోస్తా వాళ్లుంటే "అదేంటంటేనండీ" అని మొదలవుతుంది. ఇక్కడి వాళ్లుంటే "గదేందంటే" అని మొదలవుతుంది. ఇద్దరూ కలిసి కూర్చుంటే ఒకే వాక్యంలో రెండు రాష్ట్రాలకూ సమన్యాయం జరుగుతుంది. ఇక దౌత్య మర్యాద తెలిసిన మనిషి కాబట్టి ఏ దేశాన్నీ పేరు పెట్టి తిట్టరు, "ఆ దేశం" అంటారు. ఏ దేశమో ఎవరికి వారు ఊహించుకుని అందరూ కలిసికట్టుగా కోప్పడేవారు.

సభకు జనం తక్కువేం కాదు. పోటీ పరీక్షలకు చదువుకుంటూ హాస్టళ్లలో ఉండే పిల్లలంతా వచ్చేవారు, ఇడ్లీతో పాటు కరెంట్ అఫైర్స్ కూడా దొరుకుతాయని. ఒకసారి జోగారావు గారు చెప్పిన సంగతి మీద పరీక్షలో నిజంగానే ప్రశ్న వచ్చింది. ఆయన చెప్పిన జవాబు తప్పని తేలింది. పిల్లలు మాత్రం ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు, ప్రశ్నపత్రం తయారుచేసిన వాళ్ల మీద కోర్టుకెళ్లారు. నాయకుడి మీద నమ్మకం అంటే అలా ఉండాలి.

ఇంత మహోన్నతమైన సభలో ఒకే ఒక్క అపశ్రుతి, లింగమ్మ.

లింగమ్మది రెండో గల్లీ చివర ఇల్లు. ఇంటి ముందే మిర్చి బజ్జీల బండి. బండి ముందే మోరీ. ఆ మోరీ ఎన్నో ఏళ్లుగా పూడిపోయి, లోపల పారాల్సిన మురుగు బయట పారుతోంది. బజ్జీలకు వచ్చినవాళ్లు ఇటుకల మీద నిలబడి, ఒక చేత్తో ప్లేటు, ఒక చేత్తో ముక్కు పట్టుకుని, మూడో చేయి లేనందుకు దేవుణ్ని నిందిస్తూ తినేవారు. లింగమ్మ ప్రతి ఆదివారం వచ్చి, గుమ్మం పక్కన కూర్చుని, సందు దొరగ్గానే అడిగేది.

"సారూ, మా మోరీ సంగతేంది?"

జోగారావు గారు విసుక్కునే రకం కాదు. చిరునవ్వుతో మైకు దగ్గరికి జరుపుకునేవారు. "మంచి ప్రశ్న అడిగినవ్ లింగమ్మా. మోరీ ఎక్కడికి పోతుందండీ? మూసీకి. మూసీ? కృష్ణకు. కృష్ణ? సముద్రానికి. మరి ఆ సముద్రం మీద ఇవాళ ఎవరి కన్ను పడ్డదో తెలుసునా మీకు?" అనేవారు. అక్కడి నుంచి ఆయన హిందూ మహాసముద్రంలోకి దిగిపోయేవారు. చప్పట్లు మోగేవి. లింగమ్మ మోరీకి ఇంత పెద్ద వంశవృక్షం ఉందని ఆమెకే తెలియదు. జవాబు వస్తుందేమోనని చివరిదాకా కూర్చునేది, కూర్చున్నాక మిగతాది కూడా వినేది.

ఇక్కడ ఫ్లెక్సీల గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. మన దగ్గర ఏ పనికైనా రెండు ఫ్లెక్సీలుంటాయని మీకు తెలిసిందే. అధికారికి వినతిపత్రం ఇస్తున్న ఫొటోతో ఒకటి, పని చేసినందుకు ధన్యవాదాలు చెబుతూ ఇంకొకటి. రెండూ ఒకేసారి ప్రింటుకిస్తే చవకగా పడుతుంది. కాబట్టి జోగారావు గారి అనుచరుడు తీతు రెండూ ఒకేసారి వేయించి, మొదటిది రోడ్డు మీద కట్టి, రెండోది చుట్టచుట్టి టైల్స్ దుకాణం వెనక గదిలో పెట్టేవాడు. పని కాగానే తీసి కట్టొచ్చని. పార్కుకు ధన్యవాదాలు, బస్ షెల్టరుకు ధన్యవాదాలు, వీధి దీపాలకు, మంచినీళ్లకు, శ్మశానం గోడకు ధన్యవాదాలు. అన్నీ ఆ గదిలో దుమ్ము పట్టి ఉన్నాయి. ఆ గదిలో ఉన్నంత కృతజ్ఞత హైదరాబాద్ మొత్తం వెతికినా దొరకదు.

తీతు నడివయసు దాటిన ఆటోడ్రైవరు. జోగారావు గారంటే ప్రాణం. అన్న టికెట్టు తెచ్చుకోవడం చూడాలని ఆయనకంటే తనకే ఎక్కువ ఆత్రం.

అలాంటి సమయంలో పార్టీ కార్యాలయం నుంచి కబురొచ్చింది. వచ్చే ఆదివారం పరిశీలకురాలు బిందుమాధవి గారు సభకు వస్తారు, జోగారావు గారి పలుకుబడి ఎంతో కళ్లారా చూస్తారు, చూసినదాన్ని బట్టే టికెట్టు. ఆ డివిజన్లో టికెట్టు అడుగుతున్నది ఇంకొక్కరే. రెండో గల్లీకి అవతల కోచింగ్ సెంటర్ నడిపే ఉపేంద్ర. వయసులో చిన్నవాడు, గొంతు పెద్దది, పైగా ప్రొజెక్టర్ ఉంది.

జోగారావు గారు తీతును పిలిచి, మెట్రో పిల్లర్ల నుంచి చౌరస్తా దాకా రోడ్డంతా తన ముఖంతో నింపేయమని ఆదేశించారు. కొత్తవి వేయించే వ్యవధి లేదు. తీతు వెనక గదిలోకి వెళ్లి, చేతికందిన చుట్టలన్నీ ఆటోలో వేసుకుని, ఎక్కడ కర్ర దొరికితే అక్కడ కట్టేసి వచ్చాడు. ఎల్బీ నగర్ చౌరస్తాలో, సిగ్నల్‌కు ఎదురుగా, అన్నిటికంటే పెద్దది కట్టాడు. దాని మీద ఆ ప్రాంతపు మురుగు పనులు చూసే ఇంజినీరు ఫొటో, పక్కన చేతులు జోడించిన జోగారావు గారు. "విజయదుర్గా కాలనీ మోరీ సమస్యను శాశ్వతంగా పరిష్కరించిన అపర భగీరథునికి కాలనీవాసుల కృతజ్ఞతాభివందనములు."

మర్నాడు అది చూసి జోగారావు గారికి చెమటలు పట్టాయి. జరగని పనికి ధన్యవాదాలేమిటని తీతును నిలదీశారు.

"పరేషాన్ గాకు అన్నా," అన్నాడు తీతు. "ఫ్లెక్సీల మొకాలు జూస్తరు గని, రాతలెవరు సదువుతరు?"

నిజమే అనిపించింది. ముఖం బాగానే పడింది కూడా. ఉండనిమ్మన్నారు.

కానీ ఒకాయన చదివాడు. ఆయన ఆ ఇంజినీరుకు పై అధికారి. ఎల్బీ నగర్ సిగ్నల్ దగ్గర కారు ఇరుక్కుపోతే మనిషి ఏదైనా చదువుతాడు. చదివి, ఆనందపడి, ఇంజినీరుకు ఫోన్ చేసి, ఇలాంటి ఆదర్శవంతమైన పనిని మిగతా వాళ్లకూ చూపించాలనీ, శనివారం పొద్దున్నే అందర్నీ వెంటబెట్టుకుని వస్తున్నాననీ చెప్పాడు.

ఇంజినీరు పాపం ఉద్యోగంలో తిట్లకు అలవాటు పడ్డ మనిషి. పని చేయనందుకు తిడితే ఏం చెప్పాలో ఆయనకు తెలుసు. ఫైలు ఎక్కడుందో చెప్పాలి. పని చేయనందుకు పొగిడితే ఏం చెప్పాలో ఏ నిబంధనలోనూ లేదు. గంట తిరక్కుండా రెండో గల్లీలోకి జేసీబీ వచ్చింది. దాని వెనక పైపులు, దాని వెనక మనుషులు. తెల్లవారేసరికి మోరీ మూతల కింద నీళ్లు గలగల పారుతున్నాయి. పైన బ్లీచింగ్ పౌడరు ముగ్గులా చల్లారు. లింగమ్మ బండి దగ్గర జనం రెండు కాళ్లూ నేల మీద పెట్టి బజ్జీలు తిన్నారు.

సంగతి తెలిసి జోగారావు గారు ముందు నమ్మలేదు. ఇదేదో ఉపేంద్ర కుట్ర అనుకున్నారు. ఆ తర్వాత ఒక్కరే నడుచుకుంటూ రెండో గల్లీకి వెళ్లి, మోరీ మూత పక్కన వంగి చెవి పెట్టి విన్నారు. లోపల నీళ్లు పోతున్నాయి. నిజంగా పోతున్నాయి. ఇన్నేళ్ల ప్రజాసేవలో తన పేరు మీద ఒక పని జరగడం ఆయన చూడటం అదే మొదలు. ఆయనకు కళ్లు చెమర్చాయి. పని జరిగితే ఇంత బాగుంటుందని ఇంతకాలం తనకెవరూ చెప్పలేదే అనుకున్నారు. టికెట్టు ఇక ఎక్కడికీ పోదనీ అనుకున్నారు. రాత్రికి రాత్రే సముద్రాల కాగితాలు పక్కన పెట్టి, పైపు వెడల్పు, వాలు, మ్యాన్‌హోళ్ల సంగతి కంఠతా పట్టారు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ముందు వరస మధ్యలో బిందుమాధవి గారు. వెనక గోడకు ఆనుకుని, పిలవకపోయినా వచ్చిన ఉపేంద్ర. గుమ్మం పక్కన ఎప్పట్లాగే లింగమ్మ. జోగారావు గారు గొంతు సవరించుకున్నారు.

"పెద్దలకు నమస్కారం. ఇవాళ నేను మీకు ఏ దేశం గురించీ చెప్పను. మన మోరీ గురించి చెబుతాను. అది బాగైంది."

హాలు నిశ్శబ్దమైంది. ఆయన దాన్ని ఆనందం అనుకున్నారు. పాత పైపు ఎందుకు పూడిందో చెప్పారు. కొత్త పైపు వాలు ఎంతో చెప్పారు. ఇకమీదట చెత్త వేయకుండా మనం ఏం చేయాలో చెప్పబోయేసరికి, ముందు వరసలో ఆవలింత మొదలై వెనక వరసకు పాకింది. పరీక్షల పిల్లల్లో ఒకమ్మాయి లేచి, పోయిన ఆదివారం ఆ దేశం ఓడలు బయలుదేరిన దగ్గర ఆపారు, మిగతాది ఇవాళ చెబుతానన్నారు కదా సార్ అని గుర్తుచేసింది. ఇవాళ వద్దమ్మా, మన మోరీ అన్నారు జోగారావు గారు. సైదాబాద్ నుంచి బస్సు పట్టుకుని మరీ వచ్చే ఒక పెద్దాయన కర్ర అందుకుని లేచాడు.

"మోరీ ముచ్చటైతే మా సైదాబాద్‌ల లేదా? గింత దూరం దేనికొచ్చిన నేను?"

సరిగ్గా అప్పుడు ఉపేంద్ర గోడను వదిలి ముందుకొచ్చాడు. మైకు అక్కర్లేని గొంతు. "మిత్రులారా, దేశం సముద్రం అడుగున ఏముందో వెతుకుతుంటే, మనం మోరీ అడుగున ఏముందో వెతుకుదామా? ఆ ఓడలు ఎటు వెళ్తున్నాయో తెలుసుకునే హక్కు విజయదుర్గా కాలనీకి లేదా? ఉంది. రెండో గల్లీ దాటితే నా సెంటర్లో ప్రొజెక్టర్ సిద్ధంగా ఉంది. ప్రపంచ పటంతో సహా."

చప్పట్లు దద్దరిల్లాయి. జనం ప్లేట్లతో సహా లేచారు. హాలు దాటి, రెండో గల్లీ మీదుగా, పొడిగా ఉన్న నేల మీద చెప్పులు తడవకుండా, ఇటుకలు వెతుక్కునే పని లేకుండా, ఉపేంద్ర కోచింగ్ సెంటరుకు చేరారు. కింద ఏముందని ఎవరూ చూడలేదు. బిందుమాధవి గారు కూడా వాళ్ల వెంటే వెళ్లారు. పరిశీలకురాలు కాబట్టి జనం ఎక్కడుంటే అక్కడ ఉండటం ఆవిడ విధి.

హాలులో మిగిలింది తీతు, జోగారావు గారు, ఖాళీ కుర్చీలు, గుమ్మం పక్కన లింగమ్మ. ఆమెను చూడగానే ఆయన ప్రాణం లేచొచ్చింది.

"లింగమ్మా, నువ్వన్నా చెప్పు. మోరీ మంచిగైందా, లేదా?"

"మంచిగనే అయింది సారూ. నీ కడుపు సల్లగుండ," అంది లింగమ్మ లేచి, కొంగు దులుపుకుంటూ. గుమ్మం దాటబోయి ఆగింది. "గది గట్లుండనియ్. ఆ దేశపోళ్ల జహాజులు బయలెల్లినయ్ అంటివి గదా. ఆడికెల్లి ఏమైంది?"

జోగారావు గారు ఈసారి, జీవితంలో మొదటిసారి, మోరీ ఒక్కటే చదివి వచ్చారు. లింగమ్మ పాపం అనుకుందో ఏమో, దండం పెట్టి, తొందర తొందరగా ఉపేంద్ర సెంటర్ వైపు నడిచింది. ముందు వరసలో చోటు దొరకదని ఆమె బెంగ.

బిందుమాధవి గారి నివేదిక న్యాయంగానే ఉందని అందరూ ఒప్పుకున్నారు. జోగారావు గారికి స్థానిక సమస్యలపై పట్టు ఉన్నమాట వాస్తవమే గానీ దృష్టి మోరీ స్థాయిని దాటడం లేదనీ, ఉపేంద్ర గారిది విశ్వజనీన దృక్పథమనీ అందులో ఉంది. టికెట్టు ఉపేంద్రకు వచ్చింది. ఆ సాయంత్రమే తీతు వెనక గదిలోంచి ముందే వేయించి పెట్టిన ఇంకో చుట్ట తీసి విప్పి చూసి, టికెట్టు ఇచ్చినందుకు అధిష్ఠానానికి ధన్యవాదాలు చెప్పే ఆ ఫ్లెక్సీని మళ్లీ చుట్టి, వచ్చే ఎన్నికలకు పనికొస్తుందని పైన అటక మీద పెట్టాడు. జోగారావు గారు టైల్స్ దుకాణంలో కూర్చుని, గోడకు కొత్తగా ఒక ప్రపంచ పటం తగిలించుకున్నారు.

ఇదంతా చదివి మీరు విజయదుర్గా కాలనీ వాళ్లను చూసి నవ్వుకుంటున్నారు. నిరభ్యంతరంగా నవ్వండి. కానీ ఆ ఓడలు ఏమయ్యాయో చెప్పకుండానే కథ ముగిస్తున్నానని మీకూ లోలోపల కొంచెం కోపంగానే ఉంది. నాకు తెలుసు. మోరీ మళ్లీ పూడిందా, ఇంకా బాగానే ఉందా అని మాత్రం మీలో ఒక్కరూ అడగలేదు.