నోరు కట్టిన ఫోను

“ఈ ఫోను ఏదో ఒకరోజు నలుగురిలో నోరు విప్పుతుంది! ఆ రోజుతో మన ఇంటి పరువు, మీ నాన్న ఆరోగ్యం, నీ పెళ్ళి, అన్నీ ఒకేసారి మట్టిలో కలుస్తాయి!”

మత్లూబా ఈ మాట నిండు సభలో ప్రకటించినట్టు ప్రకటించింది. సభలో ఉన్నది కూతురు లోబార్ ఒక్కతే. అప్పటికింకా ఏమీ జరగలేదు. ఫోను అలమర మీద బోర్లా పడుకుని బుద్ధిగా చార్జింగ్ ఎక్కించుకుంటోంది.

ఏమీ జరగనప్పుడే మత్లూబాకు భయం ఎక్కువ. జరిగిపోయాక భయపడటానికి ఏముంటుంది, పని చూసుకోవడమే కదా! లోబార్ మెట్రో ఎక్కితే సొరంగం కూలుతుందనుకుంటుంది. భర్త తుమ్మితే అంత్యక్రియలకు ఎన్ని కిలోల బియ్యం కావాలో ఆలోచిస్తుంది. కానీ ఈ ఫోను భయానికి మాత్రం ఆధారం ఉంది. ఆ ఆధారం పేరు నోరిన్.

తాష్కెంట్ పాతబస్తీలో, మత్లూబా వాళ్ళ పేటలో, నెలకోసారి ఏడుగురు ఆడవాళ్ళు వంతులవారీగా ఒకరింట్లో కూడి కబుర్లు చెప్పుకుని తిని వెళతారు. దాన్ని ‘గప్’ అంటారు. ఆ గప్‌కు పెద్ద కరోమత్ గారు. పెళ్ళిళ్ళ రిజిస్ట్రారు ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి దిగినావిడ. పేటలో సగం మంది ఆవిడ ముద్ర పడితే మొగుడూ పెళ్ళాలైనవాళ్ళే. ఆవిడ మాట్లాడితే కాగితం మీద ముద్ర పడినట్టే ఉంటుంది. “ఇకమీదట ఈ గప్‌లో వడ్డించు ప్రతి పదార్థమూ గృహిణి స్వహస్తాలతో తయారైనదై ఉండవలెను. బయటి తిండి ఈ భోజనాల గుడ్డ మీదికి రాకూడదు” అని ఆవిడ నాలుగేళ్ళ క్రితం చేసిన తీర్మానం. వ్యతిరేకించే ధైర్యం ఎవరికుంది?

మత్లూబా వంతు వస్తే నోరిన్. ఉడికించిన పల్చటి పిండిరొట్టెను, గుర్రపు మాంసాన్ని దారాల్లా సన్నగా తరిగి కలపాలి. ఒకప్పుడు మత్లూబాయే తరిగేది. మూడేళ్ళ క్రితం మణికట్టు వాచి, ఒక్కసారికే కదా అని దుకాణం నుంచి తెప్పించింది. ఆ రోజు కరోమత్ గారు ఒక పోగును చెంచాతో వెలుతురుకు ఎత్తి చూసి, “ఇది చెయ్యి కాదు, వరం!” అంది. ఇంకెక్కడ వెనక్కి వెళ్ళగలదు? వరం పొందినవాళ్ళు ఆ తరవాత నాకు వరం లేదని చెప్పుకోగలరా?

అప్పటినుంచి మత్లూబా వరాన్ని పోషిస్తోంది. తన వంతు రోజు పొద్దున్నే మోచేతుల దాకా పిండి రాసుకుంటుంది. పక్కింటి షరోఫత్ చెవులకోసం ఖాళీ చెక్క మీద కత్తితో గంటసేపు టకటకలాడిస్తుంది. నిజానికి ఆ గంట టకటకకు మణికట్టు నొప్పి, తరిగితే వచ్చేదానికన్నా ఎక్కువ. అయినా పరువు కోసం పడే నొప్పి వేరు!

అన్నీ బాగానే సాగాయి. కానీ పోయిన నెల కరోమత్ గారింట్లో అందరూ మంతూ కుడుములు తింటుండగా, గుడ్డ మీద పెట్టిన మత్లూబా ఫోను భళ్ళున వెలిగింది. “ప్రియమైన మత్లూబా, మీరు పోయినసారి తెప్పించుకున్న మా నోరిన్ నచ్చిందా? ఐదు నక్షత్రాలు ఇవ్వండి!” మత్లూబా ఐదు నక్షత్రాలు పట్టపగలే చూసింది. చప్పున ఫోను లాగి దాని మీద కూర్చుంది. గప్ ముగిసేదాకా లేవలేదు.

“కాళ్ళు తిమ్మిరెక్కాయా అక్కా?” అని షరోఫత్ అడిగింది.

“లేదమ్మా, మీ ఇంటి పరుపు మెత్తగా ఉంది,” అంది మత్లూబా, అది కరోమత్ గారి పరుపని గుర్తులేక.

ఇదీ ఆధారం. ఇక అమ్మ చేసిన ప్రకటన విన్నాక లోబార్ నోట్లోని ఎండు ఖుబానీ నమిలి మింగి, “ఫోను తాళం పగలగొట్టి లోపలికి దూరక్కర్లేదమ్మా,” అంది. ఆ పిల్ల సాంకేతిక కళాశాలలో రెండో ఏడు. “దాన్ని రూట్ చెయ్యడం అంటారు. అలా చేస్తే వారంటీ పోతుంది, బ్యాంకు యాప్ అలుగుతుంది. మనకు ఆ గొడవ వద్దు. ఉన్న తలుపులకే గడియలు వేద్దాం.”

“గడియలు నువ్వే వెయ్యి. గట్టిగా వెయ్యి.”

ముందుగా అనుమతుల జాబితా తీశారు. టార్చిలైటు యాప్ పరిచయాల పేర్లన్నీ చూస్తోందట. “వెలుగిచ్చేదానికి మన చుట్టాలెందుకే?” అని మత్లూబా మండిపడింది. “ఉప్పు అడగడానికొచ్చి పెట్టె మూత తీసి చూసే షరోఫత్ లాగుందే ఇది!” టార్చికి చుట్టాలను తీసేశారు. లెక్కల యంత్రానికి కెమెరా తీసేశారు. వాతావరణం చెప్పేదానికి మైకు తీసేశారు. తీసేసిన కొద్దీ మత్లూబాకు ఊపిరాడింది.

తరవాత లోబార్ ఫోను వివరాల్లో ఒక అంకె చూపించి, “దీని మీద ఏడుసార్లు నొక్కు,” అంది.

“ఎందుకే, మంత్రమా?”

“లోపలి గది తెరుచుకుంటుంది. నొక్కు.”

మత్లూబా నొక్కిన ప్రతిసారీ బిస్మిల్లా అనుకుంది. ఏడోసారికి ఫోను, “మీరు ఇప్పుడు డెవలపర్!” అని అభినందించింది. మత్లూబా చెయ్యి వెనక్కి లాక్కుంది.

“తొమ్మిదో తరగతి తరవాత కుట్టుమిషను ముందు కూర్చున్నదాన్ని, నన్ను డెవలపర్ అంటుందేంటి? దీనికేమైనా పన్ను కట్టాలా? ఎవరైనా ఇంటికొచ్చి అడుగుతారా?”

“ఎవరూ రారమ్మా,” అంది లోబార్. వైరు పెట్టి ఫోనును కంప్యూటరుకు కలిపింది. కంపెనీవాళ్ళు పుట్టుకతోనే అంటించి పంపిన యాప్‌లను, మామూలుగా నొక్కితే కదలనివాటిని, ఒక్కొక్కటే పీకేసింది. ప్రకటనలు రాకుండా దారి మార్చింది. ఏ యాప్ బయటికి మాట్లాడాలో, ఏది నోరు మూసుకోవాలో చెప్పే కాపలా యాప్ ఒకటి పెట్టింది. తెలియని నంబర్ల నుంచి వచ్చే కాల్స్ మోగకుండానే ఆగిపోతాయి. ఆగిన వాటి లెక్క మాత్రమే కనిపిస్తుంది. ఎవరివో చూడాలన్నా, ఏ గడియ తియ్యాలన్నా రహస్య సంఖ్య కావాలి.

“ఆ సంఖ్య నీకు చెప్తా, రాసుకో.”

“నాకొద్దు!” అంది మత్లూబా గుండె మీద చెయ్యేసుకుని. “నేను నిద్రలో కలవరిస్తానేమో. నీ దగ్గరే ఉంచుకో.”

ఇంత భద్రత తన జీవితంలో మత్లూబా ఎరగదు. బుధవారం సాయంత్రం, మర్నాటి గప్‌కు నోరిన్ కావాలని యాప్‌లో చెప్పేసింది. చెప్పి పడుకోబోతూ ఆలోచించింది. ఈ నోరిన్ యాప్ నోరు మాత్రం తెరిచే ఉంది కదా! మళ్ళీ నక్షత్రాలు అడిగితే? లేచి లోబార్‌ను పట్టుకుని దాని నోరూ కట్టించింది. నెట్ బంద్, ఇల్లు ఎక్కడుందో చూడటం బంద్, సందేశాలు బంద్.

“రేపు డెలివరీ అతను ఎలా...” అని లోబార్ మొదలుపెట్టింది.

“ఈ పేటలో మన ఇల్లు తెలియనిదెవరికి!” అంది మత్లూబా. పరిచయాల్లో ‘పళ్ళ డాక్టరు’ అనే పేరుతో దాచిన దుకాణం నంబరును కూడా తుడిచేసింది. సాక్ష్యం ఉండకూడదు.

గురువారం లోబార్ పరీక్షకు వెళ్ళింది. పరీక్ష గదిలో ఫోన్లు గుమ్మం దగ్గరే తీసుకుంటారు. మత్లూబా మోచేతులకు పిండి పూసుకుని గంటన్నరసేపు ఖాళీ చెక్కను కొట్టింది. పన్నెండింటికి ఆరుగురు వచ్చి గుడ్డ చుట్టూ కూర్చున్నారు. ఎవరి ఫోను వాళ్ళు పక్కన బోర్లా పెట్టుకున్నారు. కరోమత్ గారిదైతే అల్లిన ఉన్ని సంచీలో, గుండీ పెట్టి ఉంది. ఆవిడ అంతే, క్రమశిక్షణ.

మత్లూబా నాన్ తుంచింది. పచ్చ టీ పోసింది. పన్నెండున్నరకు వంటింట్లోకి వెళ్ళి ఫోను చూసింది. “ఆగిన కాల్స్: 9” అని ఉంది. తొమ్మిదిమంది! ఒక్క పూటలో తొమ్మిదిమంది గూఢచారుల్ని ఆపింది నా ఫోను! లోబార్ చెయ్యి చల్లగుండ! అలా మురుస్తూనే గోడకానుకుంది. అంతలో ఒక అనుమానం తగిలింది.

ఆ తొమ్మిదీ ఒక్కడే అయితే?

యాప్ తెరిచింది. నెట్ లేదంది. గడియ తీయబోతే రహస్య సంఖ్య అడిగింది. లోబార్‌కు చేస్తే స్విచ్చాఫ్. సందు చివరిదాకా పరిగెత్తి చూసింది. గాడిదబండి మీద పుచ్చకాయలు తప్ప ఏమీ రావడం లేదు.

నాలుగో టీపాత్ర కూడా ఖాళీ అయింది. ఒంటిగంటన్నర.

“మత్లూబా, ప్రస్తుత పరిస్థితి ఏమిటి?” అంది కరోమత్ గారు.

“దారిలో... అదే, ఆరుతోంది అక్కా! పిండి ఆరాలి కదా!”

“ఇంకా ఆరేదేంటి?” అంది షరోఫత్. “పొద్దుట్నించీ కత్తి చప్పుడు వింటూనే ఉన్నాను. ఈపాటికి పేటంతటికీ సరిపడా తరిగుంటావు!”

“మణికట్టు నొప్పి పుట్టుంటుంది పాపం,” అంది ఇంకొకావిడ.

“అయితే కూర్చుని చూడటమేంటి? నోరిన్ ఒక్క చేతి పనా? మా అత్తగారింట్లో పదిమందిమి చుట్టూ కూర్చుని తరిగేవాళ్ళం,” అని షరోఫత్ గౌను చేతులు పైకి మడిచింది. “పదండి, తలా ఒక కత్తి పట్టుకుందాం!”

అందరూ లేచారు. మత్లూబా పరిగెత్తి వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆ క్షణంలో ఆమె కళ్ళముందు సర్వం జరిగిపోయింది. కరోమత్ గారు ఆమెను గప్‌లోంచి తీసేస్తూ తీర్మానం చదివింది. లోబార్‌ను చూడ్డానికి వచ్చినవాళ్ళు ‘ఆ అబద్ధపు నోరిన్ ఆవిడ కూతురా’ అని వెనక్కి తిరిగారు. భర్త గుండె పట్టుకున్నాడు. కిలోల లెక్కన బియ్యం ఉడికింది.

“వద్దు అక్కా, లోపల... గాలి ఆడదు.”

“పక్కకు జరుగు,” అంది కరోమత్ గారు.

ఆవిడ ముద్ర వేస్తే ఎవరు ఆపగలరు? తలుపు తెరుచుకుంది. పొయ్యి చల్లగా ఉంది. గిన్నె లేదు, పిండి లేదు, మాంసం లేదు. నడిమధ్యన ఖాళీ చెక్క, దాని మీద మూడేళ్ళ కత్తి గాట్లు, పక్కన నోరు కట్టిన ఫోను. ఆగిన కాల్స్ పదకొండు.

మత్లూబా మోచేతులు చూసుకుంది. పిండి రాలిపోతోంది. ఇక దాచుకోవడానికి ఏముంది?

“నేను తరగలేదక్కా,” అంది. “మూడేళ్ళుగా తరగట్లేదు. పాత బజారు దగ్గర దుకాణం నుంచే తెప్పిస్తున్నా. ఈ ఫోను నా గుట్టు బయటపెడుతుందని దాని నోరు నొక్కించాను. ఇప్పుడది ఆ దుకాణం మనిషికి కూడా దారి చెప్పట్లేదు. నన్నేమైనా అనండి, గప్‌లోంచి తీసేయండి. కానీ మీరంతా నా ఇంట్లో ఆకలితో ఉన్నారు.” ముక్కు తుడుచుకుని అడిగింది. “ఎవరికైనా ఆ దుకాణం నంబరు తెలుసా?”



షరోఫత్ మడిచిన చేతులు మెల్లగా దించుకుంది. ఒకావిడ పైకప్పు చూసింది, ఇంకొకావిడ చెప్పులు చూసుకుంది. కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. గుడ్డ చుట్టూ బోర్లా పడుకున్న ఐదు ఫోన్లనూ, కరోమత్ గారి చేతి సంచీలోని ఆరోదాన్నీ మత్లూబా గుమ్మంలోంచి ఒక్కొక్కటే చూసి, మొదటిసారి లెక్కపెట్టింది.

చివరికి కరోమత్ గారు గొంతు సవరించుకుంది. అద్దాలు పెట్టుకోలేదు, ఏ కాగితమూ తీయలేదు. పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు చదివినట్టు, అంకె తరవాత అంకె, దుకాణం నంబరంతా చెప్పింది.

“గురువారం ఈ నంబరు దొరకదు. చివరి రెండంకెలూ సున్నాలు చేసి చూడు, దుకాణంలో కుర్రది ఎత్తుతుంది,” అంది. తరవాత ఉన్ని సంచీ గుండీ సర్దుకుంటూ అంది. “కరోమత్ అక్కకని చెప్పు. ఉల్లిపాయ ఎంత వెయ్యాలో వాళ్ళకు తెలుసు.”