జుట్టు చూసి ఆగిపోయిన మనిషి

గతానికి మరమ్మతులు జరుగుతున్నందున కొన్నాళ్ళపాటు జ్ఞాపకాలు అందుబాటులో ఉండవనీ, పని పూర్తికాగానే మునుపటికన్నా మెరుగైన గతాన్ని ఇంటింటికీ చేరవేస్తామనీ, అంతవరకూ ప్రేక్షకులు ఓపిక పట్టాలనీ స్టూడియోవారు ప్రకటించారు. ప్రకటన టీవీ తెర అడుగున చీమలబారులా పోయింది. చదవగలిగినవాళ్ళు చదివి కంగారుపడ్డారు. చదవలేనివాళ్ళు పక్కవాళ్ళని అడిగి మరీ కంగారుపడ్డారు.

మరమ్మతుకు వచ్చింది ‘పై వాటా వాళ్ళు’ అనే పాత సీరియల్. ఎరగనివాళ్ళ కోసం చెప్పాలంటే, కింద ఇంటివాళ్ళు, పైన అద్దెవాళ్ళు, మధ్యలో మెట్లు. కథంటే అంతే. ఆ మెట్ల మీదే జనం పోట్లాడుకున్నారు, మనసులు ఇచ్చుకున్నారు, బిందెలు దొర్లించుకున్నారు. వీధికొక్క టీవీ ఉన్న కాలంలో వచ్చింది కనక వీధి వీధంతా ఒకేసారి ఏడ్చేది. అంత ఐకమత్యం తర్వాత మళ్ళీ కనబడలేదు.

మరమ్మతులు ఘనంగా జరిగాయి. ఇంటాయన చేతిలో సిగరెట్టు ఆరోగ్యానికి హానికరమని తీసేశారు. వేళ్ళు మాత్రం వదిలేశారు. ఇప్పుడాయన రెండు వేళ్ళు పెదాల దగ్గర పెట్టుకుని, గాలి పీల్చి, గాలి వదిలి, “కుళాయి కట్టేశావుటయ్యా?” అని అడుగుతాడు. అత్తగారు కోడలిని కొట్టే చెంపదెబ్బ హింస కిందికి వస్తుందని, ఆ చెయ్యిని చెంప దాకా రానిచ్చి, అక్కణ్ణుంచి నెత్తిమీదికి మళ్ళించి ఆశీర్వాదం చేశారు. కోడలు మాత్రం పాత లెక్కలోనే బావురుమంటుంది. చదరపు బొమ్మను వెడల్పు తెరకు సరిపెట్టడానికి పైనా కిందా కాస్త కోశారు. పొట్టివాళ్ళకు ఇబ్బంది లేదు. పొడుగువాళ్ళు మెడల దాకా నటించారు. పై వాటా వాళ్ళ పేదరికం చూడ్డానికి నాణ్యంగా లేదని వాళ్ళ గోడలకు కొత్త రంగులు పూశారు. “ఈ పూట గడిచే దారి లేదు తల్లీ” అని వాళ్ళమ్మ కుమిలిపోయే గది ఇప్పుడు పెళ్ళివారి విడిదిలా కళకళలాడుతోంది.

ఇవన్నీ సెలూనాయన తట్టుకున్నాడు. ఆయన బాధ వేరు.

సెలూను ఇరుకు సందులో ఉంది. రెండు తిరుగుడు కుర్చీలు, ఎదురెదురుగా రెండు అద్దాలు, మూలన బల్ల మీద టీవీ. అద్దాల పుణ్యమా అని తలెటు తిప్పించుకున్నా టీవీ కనిపిస్తుంది. ఆదివారం పొద్దున్నే పాత సీరియల్ వేసే వేళకి సందు సగం అక్కడే ఉంటుంది. అందరికీ జుట్టు పెరిగి కాదు. ఒక ఘట్టం కోసం వస్తారు.

ఆ ఘట్టంలో అద్దెవాళ్ళ అబ్బాయి పెట్టె పట్టుకుని మెట్ల కింద నిలబడి, “ఈ మెట్లు ఇక ఎక్కను” అంటాడు. ఇంటివాళ్ళ అమ్మాయి కిటికీలోంచి చూస్తుంది. సన్నాయి మూలుగుతుంది. వెనక గోడవారగా దారినపోయే మనిషి ఒకడు ఇటు నుంచి అటు నడిచి వెళ్ళాలి. ఆ షూటింగు ఈ సందులోనే జరిగింది కనక ఆ మనిషి వేషానికి ఎదురుగా కొట్లో ఖాళీగా ఉన్న మనిషిని పిలిచారు. ఆయన సెలూనాయన తండ్రి. ఆయనదీ ఇదే సెలూను, ఇదే కత్తెర.

ఆయన సగం దూరం బాగానే నడిచాడు. అక్కడ హీరో వెనక తల కంట పడింది. ఎవడు కత్తిరించాడో గానీ, ఎడమపక్క ఎత్తు, కుడిపక్క పల్లం. పెద్దాయన కాళ్ళు ఆగిపోయాయి. ఒకసారి వంగి చూశాడు. అడ్డంగా తలాడించాడు. అంతటితో ఊరుకోలేక రెండు వేళ్ళను కత్తెర చేసి గాలిలో ఇంత ముక్క కత్తిరించాడు. తర్వాత ఎక్కడున్నాడో గుర్తొచ్చి గబగబా వెళ్ళిపోయాడు. హీరో కన్నీళ్ళు చూస్తున్న దర్శకుడు వెనక ఏం జరిగిందో చూడలేదు. అది అలాగే ఉండిపోయింది.

జనమంతా కళ్ళొత్తుకునే ఆ చోట ఈ సందు మాత్రం పగలబడి నవ్వుతుంది. మొదటిసారి వచ్చిన రోజున పెద్దాయన భార్య అందరి మధ్యా నిలబడి, “నడవవయ్యా బాబూ, నడువు!” అని కేక పెట్టింది. ఆ కేక ఆచారమైపోయింది. పెద్దాయన పోయాక కూడా ప్రతిసారీ సెలూనంతా ఒక్క గొంతుతో “నడవవయ్యా!” అని అరుస్తుంది, ఆయన అప్పుడే నడుస్తాడు. గోడమీద ఫొటోలో పెద్దాయన బిగుసుకుని ఉంటాడు. లోకం మొత్తం మీద ఆయన కదిలేది ఆ ఒక్క చోటే.

కొత్త గతం వచ్చిన ఆదివారం అందరూ ఊపిరి బిగబట్టుకు కూర్చున్నారు. పెట్టె వచ్చింది, కిటికీ వచ్చింది, సన్నాయి మూలిగింది. గోడవారగా ఒక పూలకుండీ వచ్చింది. మనిషి రాలేదు. హీరో జుట్టు దువ్వెనతో గీత గీసినట్టు సమంగా ఉంది.

గోడవార కుర్చీలో కూర్చున్న ముసలమ్మ కొడుకు వంక తిరిగింది. “మీ నాన్న రాలేదేంట్రా?”

“తీసేసినట్టున్నారమ్మా.”

“ఎవర్నడిగి తీశారు? నన్నడిగారా?” అని ఆవిడ ఆ పూలకుండీ వంక చూసిన చూపుకి నిజం మొక్కయితే వాడిపోయేదే.

సెలూనాయన కత్తెర బల్లమీద పెట్టి, సగం తల కత్తిరించిన మనిషిని కుర్చీలోనే వదిలేసి, సీరియల్ అభిమానుల సంఘం అధ్యక్షుడి దగ్గరికి పోయాడు.

అధ్యక్షుడు పాతకాలపు లెక్కల మాస్టారు. సాయంత్రానికల్లా సెలూనులోనే అత్యవసర సమావేశం ఏర్పాటైంది. మాస్టారు తిరుగుడు కుర్చీలో కూర్చున్నారు కనక ఆవేశం వచ్చినప్పుడల్లా కాస్త తిరిగి, గోడకు ఉపన్యసించారు.

“పాతది పాతదే! అందులో తప్పుంటే అది మన తప్పు. మన తప్పు దిద్దడానికి వీళ్ళెవరు? ఒక్క పొల్లు మార్చడానికి వీల్లేదని ఈ సభ తీర్మానిస్తోంది!”

చప్పట్లు మోగాయి. అవి ఆగాక మాస్టారు గొంతు సవరించుకున్నారు. “ఒక్కటి మాత్రం. ఇంటివాళ్ళ పిల్లాడు ఎక్కం అప్పజెబుతూ పదమూడు ఎనిమిదులు తొంభైనాలుగు అంటాడు. ఇన్నేళ్ళూ ముల్లులా గుచ్చుతోంది. నూటనాలుగు అనిపిస్తే చాలు. అది మార్పు కాదు, న్యాయం.”

మందుల షాపావిడ లేచింది. “నాదీ ఒక్కటేనండి. ఆ పిల్లకి జ్వరమొస్తే వారాల తరబడి నుదుటిమీద తడిగుడ్డ వేసి కూర్చుంటారు. ఇంట్లో అంతమంది పెద్దవాళ్ళుండి ఒక్క మాత్ర ఇవ్వరా? చూసినప్పుడల్లా నాకే జ్వరమొచ్చినట్టుంటుంది.”

“మాత్ర ఇస్తే మర్నాటికి తగ్గిపోతుంది కదమ్మా. మిగతా వారాలు ఏం చూస్తాం?” అన్నారెవరో.

“ఆరోగ్యంగా ఉన్న పిల్లని చూడండి! కళ్ళు పోతాయా?”

టైర్ల కొట్టాయన చెయ్యెత్తాడు. “కుక్క చచ్చిపోతుంది చూశారా, లారీ కింద పడి,” అన్నాడు గంభీరంగా. “టైరు పేలి లారీ పక్కకి లాగిందంటారు. నేను టీవీ దగ్గరికెళ్ళి మరీ చూశానండి. కొత్త టైరది! అలా పేలదు. కాబట్టి ఆ కుక్క చావడానికి వీల్లేదు.”

ఈ విధంగా చర్చ సాగి, సీరియల్లో ఏమీ మార్చరాదనీ, సభ్యులు సూచించిన చోట్ల మాత్రం తప్పనిసరిగా మార్చాలనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. పెద్దాయన్ని వెనక్కి తేవాలన్నది కూడా చిట్టచివర చేర్చారు. సెలూనాయనకు ఎందుకో అది కాస్త కిందికి వెళ్ళినట్టనిపించింది.

తీర్మానం చూసి స్టూడియోవారు పొంగిపోయారు. జ్ఞాపకాల నాణ్యతా విభాగం అధిపతిని స్వయంగా పంపారు. ఆయన సందులోకి వచ్చి, సెలూను గుమ్మంలో నిలబడి మాట్లాడాడు. “మార్పును వ్యతిరేకించేవాళ్ళని ఎందరినో చూశాం. కానీ ఇంత వివరంగా, ఇంత ఉత్సాహంగా వ్యతిరేకించినవాళ్ళని ఇదే చూడటం. మీరే మాకు బలం!” ఎక్కాన్ని ఒప్పుకున్నాడు, మాత్రను ఒప్పుకున్నాడు, కుక్కకు ప్రాణం పోశాడు. సభ్యులు ఆయన్ని వీధి చివర దాకా సాగనంపబోతే, ఆగి, గెడ్డం తడుముకుని, సెలూనులో కూర్చున్నాడు.

సెలూనాయన నురగ పట్టించాడు. కత్తి నూరుతూ అడిగాడు. “మా నాన్నని ఎందుకు తీసేశారండీ?”

“అయ్యో, ఆయన మీ నాన్నగారా! తీసెయ్యలేదండీ, విరమింపజేశాం. ఆలోచించండి. ఆ జుట్టు బాగాలేదని మొట్టమొదట ఫిర్యాదు చేసింది ఆయనే. ఇన్నేళ్ళకి పరిష్కరించాం. జుట్టు సరిచేశాం. పరిష్కారమయ్యాక ఫిర్యాదుదారు ఇంకా అక్కడ నిలబడి తలాడిస్తే ఏం బాగుంటుంది? హీరో ఏడుపు నచ్చక తలాడించినట్టుంటుంది. అసలు చెప్పాలంటే మా విభాగానికి ఆయనే మూలపురుషుడు.”

సెలూనాయన కత్తిని చెంపకు ఆనించాడు. తండ్రి గురించి అంత పెద్ద మాట ఎవరూ అనలేదు. “నాకవన్నీ తెలీదండీ. ఆయన్ని వెనక్కి పెట్టండి. ఉన్నది ఉన్నట్టు.”

“తప్పకుండా. ఉన్నది ఉన్నట్టే,” అన్నాడు అధిపతి నురగలోంచి. “అన్నట్టు, ఆ చొక్కా భుజం దగ్గర చిరుగు కూడా పెట్టమంటారా? కొత్త తెర మీద చాలా స్పష్టంగా కనిపిస్తుంది.”

కత్తి చెంప మీద ఆగింది. చిరుగు సంగతి సెలూనాయన ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఇప్పుడు అనుకుంటే, లోకమంతా తండ్రి చిరుగు చూస్తున్నట్టే ఉంది. “చొక్కా ఒక్కటీ… మంచిది వెయ్యండి, పోనీ.”

“అలాగే. కాళ్ళకి చెప్పులు లేవు.”

“అవునవును. చెప్పులు తొడగండి.”

“కాస్త చిక్కిపోయి ఉన్నారు. ఒంట్లో బాగుండేది కాదా?”

“దగ్గుండేదండీ,” అన్నాడు సెలూనాయన మెల్లిగా. “కాస్త ఒళ్ళు పెట్టిస్తే సంతోషిస్తాం. ఆ నడుం వంపు కూడా… చేతనైతే.”

రెండో చెంప పూర్తయ్యేసరికి తండ్రికి పట్టులాంటి చొక్కా, తోలు చెప్పులు, నిటారు వెన్ను, నిండు బుగ్గలు సమకూరాయి. బతికుండగా ఏ కొడుకూ అంత త్వరగా తండ్రికి అన్ని చెయ్యలేడు. సెలూనాయన కళ్ళు చెమర్చాయి. అధిపతి గెడ్డం అద్దంలా మెరిసింది.

సవరించిన సవరణ ప్రసారమైన ఆదివారం సెలూనులో కాలు పెట్టే చోటు లేదు. పదమూడు ఎనిమిదులు నూటనాలుగు అయ్యేసరికి మాస్టారు జేబురుమాలు తీశారు. పిల్ల మాత్ర వేసుకుని లేచి కూర్చుంది. లారీ ఆగింది, కుక్క తోకాడిస్తూ రోడ్డు దాటింది, టైర్ల కొట్టాయన అందరికీ టీ చెప్పాడు.

అప్పుడు పెట్టె వచ్చింది. కిటికీ వచ్చింది. సన్నాయి మూలిగింది. గోడవారగా ఒక మనిషి వచ్చాడు. నిటారుగా ఉన్నాడు, నిండుగా ఉన్నాడు. చొక్కా తళతళలాడుతోంది. “నడవవయ్యా” అనడానికి సెలూనంతా నోళ్ళు తెరిచింది. అవసరం లేకపోయింది. ఆయన ఎటూ చూడకుండా, ఎక్కడా ఆగకుండా, ఆనాడు దర్శకుడు చెప్పింది చెప్పినట్టుగా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వెళ్ళిపోయాడు. అంత మంచి చొక్కా వేసుకున్న మనిషి ఎదుటివాడి జుట్టు చూసి ఎందుకు ఆగుతాడు!

తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉన్నాయి. ముసలమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది.

“ఎవర్రా ఈ పెళ్ళికొడుకు?”

“నాన్నేనమ్మా.”

“ఊరుకోరా. మీ నాన్న పక్కనుంచి వెళితే నాకు తెలీదా? ఎవరో పెద్దింటాయన. బాగున్నాడు పాపం.” కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, “ఇంతకీ మీ నాన్నెప్పుడొస్తాడు?” అంది.

సెలూనాయన ఆ సాయంత్రమే మాస్టారి కాళ్ళావేళ్ళా పడ్డాడు. పాతదే కావాలని సంఘం ముక్తకంఠంతో అడిగితే వేస్తామని స్టూడియోవారి మాట. మళ్ళీ సమావేశం పెట్టారు. సభ్యులు మొహాలు చూసుకున్నారు.

“అంటే కుక్కని మళ్ళీ చంపమంటావా?” అన్నాడు టైర్ల కొట్టాయన.

“తగ్గిన జ్వరం తిరగబెట్టమంటావా అన్నయ్యా?” అంది మందుల షాపావిడ.

మాస్టారు కుర్చీలో ఒక చుట్టు తిరిగి వచ్చారు. “చూడు నాయనా, మన సంఘం నియమం నీకు తెలుసు. ఉన్నదాన్ని మార్చడానికి వీల్లేదు. ఇప్పుడున్నది ఇదీ. దీన్ని మార్చాలని మొదటిసారి అడుగుతున్నవాడివి నువ్వే. అభిమానివై ఉండి!”

సెలూనాయన నేలమీది జుట్టు ఊడవసాగాడు. తనే చొక్కా వేయించాడు, తనే చెప్పులు తొడిగించాడు. ఎవర్ననుకోవాలి!

ఆ పై ఆదివారం యథాప్రకారం జనం వచ్చారు. సెలూనాయన ఒకడి మెడకు గుడ్డ చుట్టి పని మొదలుపెట్టాడు. సన్నాయి మూలిగింది. పెద్దింటాయన తెరమీదికి అడుగుపెట్టాడు. సెలూనాయన చేతిలో కత్తెరతోనే టీవీ దగ్గరికి నడిచి వెళ్ళి, తెరకు అడ్డంగా, సరిగ్గా ఆ పెద్దింటాయన మీద నిలబడ్డాడు. పని చేసీ చేసీ నడుం వంగే ఉంది. చొక్కా భుజం దగ్గర కుట్టు విడిచింది. హీరో తల వంక చూసి ఆగిపోయాడు. ఆ జుట్టు ఇప్పుడు వంక పెట్టడానికి వీల్లేనంత బాగుంది. అయినా వంగి చూశాడు. అడ్డంగా తలాడించాడు. రెండు వేళ్ళు కత్తెర చేసి గాలిలో ఇంత ముక్క కత్తిరించాడు.

గోడవార కుర్చీలోంచి ఒక గొంతు లేచింది.

“నడవవయ్యా బాబూ, నడువు!”

సందు దద్దరిల్లేలా నవ్వారు. సగం తలవాడు కుర్చీలో గుడ్డతో సహా ఎగిరిపడ్డాడు. ముసలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, “అదుగో, వచ్చాడు,” అంది.

లెక్కల మాస్టారు లేచి వచ్చి సెలూనాయన భుజం తట్టారు. కుట్టు విడిచిన చోట వేలు ఆగింది.

“అద్భుతం నాయనా. ప్రతి ఆదివారం ఇలాగే చెయ్యి. ఒక్క పొల్లు మార్చొద్దు,” అన్నారు. “ఈ చొక్కా ఒక్కటి మాత్రం…”