తాంబూలంతో తిరిగెళ్ళిన ఫోను

ఆ పొద్దున్న కాట్రేనికోన సోమేశ్వరరావు పెట్టుకున్న పనులు రెండే. చెరువులో రొయ్యలకు మేత వేయించడం, ఇంటికొచ్చి పెసరట్టు తినడం. మొదటిది అయింది. రెండోది పెనం మీద ఉండగానే రావులపాలెం నుంచి ఒక మనిషి పెట్టె పట్టుకొచ్చాడు. పెట్టెలో కొత్త ఫోను. కాబోయే కోడలు రేవతి మామగారికి పంపిన కానుక.

పదకొండు సంబంధాలు తప్పిపోయాక కొడుకు దుర్గేష్‌కు కుదిరిన పన్నెండో సంబంధం అది. పిల్ల తడ దగ్గర ఏదో ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఏ ఫ్యాక్టరీ అని సోమేశ్వరరావు అడగలేదు. పెళ్ళయ్యాక మానెయ్యాలని మాత్రం తాంబూలాలనాడే గట్టిగా చెప్పేశాడు.

ఫోను మీద కంపెనీ పేరు చూడగానే ఆయనకు ఒళ్ళు మండింది. అది పరాయిదేశపు పేరు. విదేశీ ఫోను ముట్టనని టీకొట్టు దగ్గర పదిమందిచేత ప్రమాణం చేయించి నిండా వారం కాలేదు. ఆయన చొక్కా జేబులో ఉన్న ఫోనుకు శుద్ధమైన దేశవాళీ పేరుంది. ఆ పేరు నలుగురికీ కనబడేలా దాన్ని తిరగేసి పెట్టుకుంటాడు.

"మనకి చేతుల్లేవాండీ? సొంతంగా ఓ ఫోను చేసుకోలేనంత చవటలమా?" అని వచ్చిన మనిషి మీద ఎగిరాడు. ఫోను వెనక్కి పట్టుకెళ్ళమన్నాడు. కానీ వియ్యాలవారింటికి ఉత్త పెట్టె పంపితే మర్యాద కాదు. అందుకని దాని మీద నాలుగు కొబ్బరికాయలు, తమలపాకులు, వక్కలు స్వహస్తాలతో సర్ది మరీ పంపాడు.

మధ్యాహ్నానికి రావులపాలెం నుంచి నిశ్చితార్థపు చీర, ఉంగరం తిరిగొచ్చాయి. వియ్యంకుడు వరప్రసాదం అరటికాయల వ్యాపారి, ఆయనా మర్యాదస్తుడే. చీర మీద ఓ అరటిగెల కూడా పెట్టి పంపాడు.

సంగతి విని సోమేశ్వరరావు భార్య మంగాయమ్మ అక్కడే కూలబడింది.

"తాంబూలం పెట్టి పంపేరా? తాంబూలాలు వెనక్కిస్తే సంబంధం వద్దని కదండీ అర్థం?"

వద్దన్నది ఫోనునేనని ఆయన ఎంత మొత్తుకున్నా ఆవిడ వినలేదు. దుర్గేష్ అసలు మాట్లాడలేదు. వెంటనే కారు కట్టించుకుని ముగ్గురూ బయల్దేరారు. అమలాపురం దాటాక కూడా కొడుకు తండ్రి వైపు చూడలేదు.

వరప్రసాదం ఇంటి అరుగు మీద అప్పటికే ఇరుగుపొరుగు చేరారు. వాళ్ళను చూడగానే సోమేశ్వరరావుకు పెళ్ళి మాట మరుగునపడి దేశం గుర్తొచ్చింది. తనకు పిల్ల మీద అభ్యంతరం లేదనీ, పరాయి సరుకు తన గుమ్మం తొక్కకూడదన్నదే తన పట్టుదలనీ ఉపన్యాసం అందుకున్నాడు.

సెలవు మీద ఇంట్లోనే ఉన్న రేవతి, ఫోను పెట్టె తెచ్చి దుర్గేష్ చేతిలో పెట్టింది.

"దీని మీద చిన్నక్షరాలు మామయ్యగారికి చదివి వినిపించండి."

దుర్గేష్ చదివాడు. తయారీ, భారతదేశం.

"మా ఫ్యాక్టరీదేనండి," అంది రేవతి. "కెమెరాలు బిగించే లైన్లో నేనుంటానండి. మీ జేబులోది కూడా ఓసారి ఇస్తారా, మామయ్యగారూ?"

ఇవ్వక తప్పలేదు. దుర్గేష్ దాన్ని తిరగేశాడు. దాని మీదున్న చిన్నక్షరాలు చైనా అన్నాయి.

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. గోదారి జిల్లా మర్యాద అది, ముందు తలొంచుకుని దగ్గుతారు.

వరప్రసాదం చాలా వినయంగా అడిగాడు. "బావగారూ, మా అమ్మాయిని పని మానెయ్యమన్నారు. మానేస్తే మన దేశంలో ఫోన్లకి కెమెరాలు బిగించే చేతులు రెండు తగ్గిపోవాండీ?"

సోమేశ్వరరావు అరుగు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. పదమూడో సంబంధం కళ్ళముందు మెదిలింది.

"ఆయ్. మాననక్కర్లేదులెండి."

"మరి అమ్మాయి తడలో ఉంటే అబ్బాయెక్కడుంటాడండీ?"

ఆ రోజంతటికీ దుర్గేష్ తనంతట తానుగా తండ్రితో అన్న మొదటి మాట అప్పుడే వచ్చింది. "నేను తడ వెళ్ళిపోతానండి, నాన్నగారూ."

శ్రావణంలో పెళ్ళయింది. కొడుకును కాపురానికి పంపుతూ సారె పెట్టిన మొదటి తండ్రి, కాట్రేనికోన మొత్తానికి సోమేశ్వరరావే.